గల్ఫ్‌కు నెట్ కాల్ చేసేముందు

తిరుపతి నుంచి కొడుకుకో అల్లుడికో నెట్ మీద ఫోన్ చేసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

టైమ్: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర. మనం పొద్దున ఆరింటికి కాఫీ తాగుతూ చేస్తే కువైట్‌లో ఇంకా మూడున్నరే. డ్యూటీ చేసి పడుకున్న మనిషిని లేపినట్టవుతుంది.

యాప్: దుబాయ్‌కి వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం మామూలుగా కలవదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటివే పనిచేస్తాయి. ఫోన్ పాడైందని టెన్షన్ పడి రిపేరు షాపుకు పరిగెత్తొద్దు. ఏ యాప్‌లో మాట్లాడాలో మెసేజ్ పెట్టి అడిగి, ఇద్దరూ అదే వేసుకోండి.

సిగ్నల్: ఒట్టి మాటలకు సెకనుకు 100 కిలోబిట్లు వస్తే చాలు, కానీ అది ఆగకుండా రావాలి. అందుకే ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కాక మొదలుపెట్టకండి, అలిపిరిలోనే మాట్లాడేయండి. తిరుమల గుడిలోకి ఫోన్ ఎలాగూ తీసుకెళ్లనివ్వరు.

స్పీకర్‌లో పెడితే అవతలివాళ్ల మాటే వాళ్లకు మళ్లీ వినిపించవచ్చు. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. అవ్వ కూడా వినాలంటే స్పీకర్ తప్పదనుకోండి!

కొత్త నంబర్ నుంచి పోలీసులమంటూ వీడియో కాల్ వస్తే కట్ చేయండి. వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

వాట్సాప్ నుంచి 112కు కాల్ పోదు. ఆపదలో మామూలు ఫోన్ కాలే చేయండి.