పాయింట్లు పెట్టినా యూజర్లు నిలవడం లేదా? ముందు లక్షణం చూడండి

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల మాక్ టెస్టులైనా, అరకు కాఫీ అమ్మే ఆన్‌లైన్ షాపైనా, వైజాగ్‌లో సైట్ చేయించుకునేవాళ్లు చాలామంది "కొంచెం గేమ్‌లా ఉండాలండీ" అని అడుగుతున్నారు. అలా పాయింట్లు, బ్యాడ్జీలు పెట్టాక ఫలితం రాకపోతే ఇంకో బ్యాడ్జీ, ఇంకో స్పిన్ వీల్ చేరుస్తారు. దయచేసి అలా చేయకండి. ఏం తేడా కొట్టిందో చూసి దాన్నే సరిచేయండి.

పాయింట్లు పెరుగుతున్నాయి, పని జరగడం లేదు

లాగిన్లు బాగానే ఉంటాయి, టెస్టు పూర్తిచేసేవాళ్లు మాత్రం పెరగరు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: పాయింట్లు క్లిక్కులకు ఇస్తున్నారు. దేనికి ఇస్తే జనం అదే చేస్తారు. మీ సైట్‌కి మనుషులు ఏ పని కోసం వస్తారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ పని పూర్తయిన చోటే పాయింటు పడాలి. మాక్ టెస్టులో అయితే, తప్పుపోయిన లెక్కకి వివరణ చదివి, అలాంటిదే ఇంకొకటి సరిగ్గా చేసినప్పుడు.

మొదటి వారం హడావుడి, తర్వాత ఎవరూ రారు

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి "గీస్తే బహుమతి" అని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువ గీశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. చదువుకునే సైట్లలో నేను దీన్నే మొదట అనుమానిస్తాను. ఊరించే బహుమతులు తగ్గించి, యూజర్‌కి తన సంగతి తనకు చెప్పే గుర్తులు పెట్టండి. "పర్సంటేజీల్లో పోయిన నెల పది తప్పులు, ఈ నెల నాలుగు" అన్న ఒక్క లైను బంగారు బ్యాడ్జీకంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది.

లీడర్‌బోర్డ్ మీద ఎప్పుడూ అవే పేర్లు

గాజువాక నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి తెరవగానే తన ర్యాంకు నాలుగు వేలని కనబడితే మళ్లీ ఎందుకు తెరుస్తుంది? మొదటి రోజు నుంచి లెక్క కూడుతూ పోతే పాతవాళ్లను ఎవరూ అందుకోలేరు. ప్రతి సోమవారం బోర్డును సున్నా నుంచి మొదలుపెట్టండి. యూజర్‌కి తన పైన ఐదుగురిని, కింద ఐదుగురిని మాత్రమే చూపించండి. పోటీ వద్దనుకునేవాళ్లకు బోర్డు దాచుకునే బటన్ ఇవ్వండి. ఎంట్రన్స్ పిల్లలకు ఉన్న టెన్షన్ చాలు. ఇంటర్ పిల్లలుంటే అసలు పేరు, ఫోటో పెట్టనే వద్దు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల వ్యక్తిగత సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

స్ట్రీక్ తెగింది, మనిషి తిరిగి రాలేదు

స్ట్రీక్ అంటే ఒక్క రోజూ మానకుండా వరసగా వచ్చిన రోజుల లెక్క. 2014 హుద్‌హుద్ తుఫాను అప్పుడు మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారం వస్తే వందరోజుల స్ట్రీక్ సున్నా కావడం అన్యాయం. భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్‌లో, ఒక రోజు మానినా లెక్క తెగకుండా కాపాడే స్ట్రీక్ ఫ్రీజ్ ఉంది. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ అయితే 2016లో ప్రొఫైల్ పేజీల నుంచి స్ట్రీక్ లెక్కనే తీసేసింది. మీరు వారానికి ఒకటి రెండు సెలవులు ఇవ్వండి, తెగినా తగ్గని "మొత్తం రోజులు" పక్కనే చూపండి.

ఫారం సగంలో వదిలేస్తున్నారు

ప్రోగ్రెస్ బార్ (ఎంత పూర్తయిందో చూపే పట్టీ) సున్నా దగ్గర మొదలవుతోందేమో చూడండి. 2006లో న్యూన్స్, డ్రెజ్ ప్రచురించిన కార్‌వాష్ ప్రయోగంలో (ఒక్కో వాష్‌కి ఒక స్టాంపు, గళ్లన్నీ నిండితే ఒక వాష్ ఉచితం) కొందరికి 8 గళ్ల ఖాళీ కార్డు, కొందరికి ముందే 2 స్టాంపులు వేసిన 10 గళ్ల కార్డు ఇచ్చారు. రెంటికీ మిగిలింది ఎనిమిదే. పూర్తిచేసినవాళ్లు మొదటి గుంపులో 19 శాతం, రెండో గుంపులో 34 శాతం. ఫోన్ నంబర్ ఇచ్చేశాక దాన్ని మొదటి మెట్టుగా లెక్కపెట్టి చూపండి. నిజంగా జరిగిన పనినే చూపాలి సుమా.

"మోసం" అని ఫిర్యాదులు

"రెండు నిమిషాలే మిగిలింది" అని పేజీ తెరిచిన ప్రతిసారీ మొదలయ్యే టైమర్ తీసేయండి. దొంగ తొందర పెట్టడం 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (యూజర్‌ని బోల్తా కొట్టించే డిజైన్లు) మార్గదర్శకాల్లో నిషిద్ధం.

వీటిలో ఒకసారికి ఒక్కటే మార్చండి. రోజుకి వందమంది కూడా రాని సైట్‌లో ఏ/బీ టెస్ట్ (సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపి పోల్చడం) అంకెలతో తేలేది తక్కువ. ఐదుగురు యూజర్లను పక్కన కూర్చోబెట్టుకుని, మీరేం మాట్లాడకుండా, ఎక్కడ ఆగుతున్నారో చూడండి.