పక్షవాతం తర్వాత ఇంట్లో బ్యాలెన్స్ సాధన: బలహీనమైన కాలికి బరువు నేర్పడం

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మనిషిని మంచం మీద నుంచి లేపవలసి వచ్చినప్పుడు, ఇంట్లోవాళ్లు చాలాసార్లు ఆ పడిపోయిన చేతినే పట్టుకుని పైకి లాగుతారు. కండరాలు పట్టు తప్పడం వల్ల ఆ భుజం కీలు అప్పటికే వదులై ఉంటుంది కాబట్టి, లాగితే అది మరింత జారి నెలల తరబడి నొప్పి పెట్టవచ్చు. పైగా మనిషి భయంతో బరువంతా బాగున్న కాలి మీదికే వేసుకుంటాడు. బలహీనమైన కాలు నేలకు ఆని ఉన్నా పని చేయదు. బ్యాలెన్స్ సాధనలో ముఖ్యమైన పని ఆ కాలికి మళ్లీ బరువు మోయడం అలవాటు చేయడమే.

మొదలుపెట్టే ముందు ఫిజియోథెరపిస్టు చేత పరీక్ష చేయించాలి. బ్యాలెన్స్‌ను కొలవడానికి వారు తరచుగా వాడే బెర్గ్ స్కేలులో 14 పనులుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేసి మొత్తం 56కు లెక్క కడతారు; 45 కంటే తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని సాధారణంగా భావిస్తారు. ఎక్కువసేపు పడుకున్నవారిని ఒక్కసారిగా నిలబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి కనుక, ముందు కొన్ని నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టాలి.

తొలి సాధన కూర్చునే చేయాలి. కుంగిపోయే నులక మంచం, మెత్తని సోఫా ఇందుకు పనికిరావు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేటంత ఎత్తున్న గట్టి కుర్చీ కావాలి, అది ప్లాస్టిక్‌దైతే జారకుండా గోడకు ఆనించాలి. బలహీనమైన వైపు, చెయ్యి చాపినా కాస్త అందనంత దూరంలో ఒక స్టూలు మీద స్టీలు గ్లాసు పెట్టి, దాన్ని బాగున్న చేత్తో అందుకోమనాలి. అలా వంగినప్పుడు బరువు బలహీనమైన తుంటి మీదికి, అక్కడి నుంచి పాదం మీదికి దిగుతుంది. చూసేవారు గ్లాసును కాదు, ఆ మడమను గమనించాలి. మడమ లేచిందంటే గ్లాసును కొంచెం దగ్గరికి జరపాలి.

తర్వాతిది కుర్చీలోంచి లేవడం. రెండు పాదాలనూ మోకాళ్ల కంటే కాస్త వెనక్కి తీసుకుని, బలహీనమైన పాదాన్ని రెండోదాని కంటే ఇంకొంచెం వెనక ఉంచితే, లేచేటప్పుడు ఆ కాలు బరువు తీసుకోక తప్పదు. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. సాయం చేసేవారు బలహీనమైన వైపే నిలబడి, చెయ్యి పట్టుకోకుండా నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టును పట్టుకోవాలి. మోకాలు మడతపడేటట్టుంటే తమ మోకాలిని ముందు నుంచి అడ్డుపెట్టాలి. కూర్చోవడం కూడా సాధనే, అందుకే దబ్బున కూలబడనివ్వకూడదు.

నిలబడి చేసే సాధనకు ముందు వంటింటి గట్టు, వెనక కుర్చీ ఉంటే చాలు. బరువు తూచే యంత్రాలు రెండు ఒకేలాంటివి దొరికితే, ఒక్కో పాదం ఒక్కోదాని మీద ఉంచి నిలబడమనండి: 60 కిలోల మనిషికి ఒకవైపు 45, మరోవైపు 15 కనిపిస్తే, ఇక ఉపన్యాసం అక్కర్లేదు, ఆ 15ను పెంచాలన్న పట్టుదల ఆయనకే వస్తుంది. అది కుదిరాక బాగున్న పాదాన్ని గోడకు ఆనించిన పొట్టి పీట మీద పెట్టించాలి. మనం నిలబడడానికి కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ తోడ్పడతాయి కాబట్టి, కళ్లు మూసుకుని నిలబడడం, మడిచిన దుప్పటి మీద నిలబడడం వంటివి చాలా తర్వాత, థెరపిస్టు సరేనన్నాకే చేయాలి.

కొందరు మాత్రం బాగున్న చేత్తో, కాలితో తమను తామే బలహీనమైన వైపుకు నెట్టుకుంటారు. వారి మెదడుకు నిటారు అంటే ఏమిటో తప్పుగా తోస్తుంది. ఎదురు నెడితే వారు ఇంకా గట్టిగా నెడతారు; అందుకని ఎదురుగా ద్వారబంధాన్ని చూపించి, దానికి సమాంతరంగా తమంతట తామే సర్దుకోమనాలి. వీరికి పైన చెప్పిన గ్లాసును బాగున్న వైపే పెట్టాలి.

నడక మొదలయ్యాక కర్ర బాగున్న చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. వేలాడే లుంగీ అంచు, చీర కుచ్చెళ్లు, తడి గచ్చు, గది వాకిట్లో పాత గోనెపట్టా, వీటి సంగతి సాధనకు ముందే చూసుకోవాలి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టాలి. ఛాతీ నొప్పి, ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మూతి కొత్తగా వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో మళ్లీ చచ్చుబడినా అది అలసట అనుకుని పడుకోబెట్టకూడదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కాబట్టి, గడియారం చూసి సమయం గుర్తు పెట్టుకుని అప్పటికప్పుడే 108కి ఫోన్ చేయాలి.