తేనెటీగలు పెంచాలంటే ముందు పూలు లెక్కపెట్టండి

తేనె కిలో ఎంత పలుకుతోందన్నది తర్వాత చూద్దాం. ముందు మీ ఊరి చుట్టూ కిలోమీటరు, కిలోమీటరున్నర లోపల ఏ నెలలో ఏం పూస్తుందో కాగితం మీద రాసుకోండి. మామిడి, వేప, చింత, కుంకుడు, మునగ, కొబ్బరి, నువ్వులు, పొద్దుతిరుగుడు, అరకు వైపైతే చలికాలంలో వలిసెలు, ఇలా. వరసగా రెండు నెలలు ఖాళీగా కనిపిస్తే ఆ రోజుల్లో ఈగలకు మీరే తిండి పెట్టాలి, లేదంటే ఈగలుండే పెట్టెలు ఎత్తుకుని పూలున్న చోటికి పోవాలి. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

కొత్తవాళ్లకి నేను మన దేశపు రకమైన పుట్ట తేనెటీగే చెప్తాను. ఐరోపా ఈగ తేనె చాలా ఎక్కువే ఇస్తుంది కానీ దానికి బోలెడంత పూత కావాలి, రాత్రిళ్లు లారీల్లో తిప్పాలి. ఇంటి ఖర్చులకు తోడుగా అనుకుంటే నాలుగైదు పెట్టెలు చాలు, వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరులో మొదలుపెట్టండి.

పెట్టెలు చెట్టు నీడన, స్టాండు మీద ఉండాలి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టకపోతే చీమలు ఒక్క రాత్రిలో ఎక్కేస్తాయి. వానాకాలంలో పంచదార, నీళ్లు సమానంగా కలిపి కాచి చల్లార్చి, పొద్దుపోయాక పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికిందా, పక్క పెట్టె ఈగలు వచ్చి దోచుకుంటాయి.

తొందరపడి తేనె తీయొద్దు, చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఫ్రేములో, అంటే పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రంలో, ముప్పాతిక గదులకు మైనం మూత పడిందో లేదో చూడండి, అనుమానంగా ఉంటే ఫ్రేము అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలించండి, చుక్కలు రాలితే అది ఇంకా పచ్చి తేనే. తేమ ఇరవై శాతం దాటితే సీసాలో పులుస్తుంది. పెట్టెలో ఈగ పిల్లలు పెరిగే అరలోని తేనె ముట్టుకోకండి, అది వాటి తిండి.

పక్క పొలాల వాళ్లతో ముందే మాట్లాడుకోండి. పూత మీద పగలు ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు కొడితే మేతకెళ్లిన ఈగలు తిరిగి రావు. కొట్టక తప్పదంటే సాయంత్రం ఈగలు గూడు చేరాక కొట్టమని అడగండి, ఆ రోజు కబురు చేస్తే మర్నాడు ద్వారం మూసి ఉంచుకోవచ్చు.

అమ్మేటప్పుడు ఒక మాట: పొద్దుతిరుగుడు తేనె త్వరగా పేరుకుంటుంది, కొన్నవాళ్లు పంచదార కలిపారని అనుకుంటారు. సీసా ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెప్పి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెడితే కరుగుతుందనీ, పొయ్యి మీద మాత్రం పెట్టొద్దనీ చెప్పండి.