పులసకి ముందు శీలావతి
వంట బాగా రావాలంటే ముందు రోజుకో కొత్త వీడియో చూసి రోజుకో కొత్త కూర చెయ్యడం మానెయ్యండి. మన అమలాపురం, పాలకొల్లు వైపు చెయ్యి తిరిగినవాళ్లని గమనించండి, తిప్పి తిప్పి వండేవి కొన్ని వంటలే, కానీ వాటిల్లో ఉప్పు, పులుపు, కారం ఎక్కడ ఆపాలో వాళ్లకి కొలత లేకుండానే తెలిసిపోతుంది. మీరూ ఒక్క వంట పట్టుకుని, అది కుదిరేదాకా మళ్లీ మళ్లీ చెయ్యండి.

నన్నడిగితే చేపల పులుసుతో మొదలుపెట్టమంటాను. వరద నీటికి ఎదురీదుతూ వచ్చే పులసతో మాత్రం వద్దు, ఆ రేటు తలుచుకుంటేనే టెన్షన్. శీలావతో బొచ్చో తెచ్చుకోండి. ముక్కలకి ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టి, వెడల్పాటి గిన్నెలో ఉల్లిముద్దని పచ్చివాసన పోయి నూనె అంచుల్లో తేలేదాకా వేయించండి. తొందరపడేది అందరూ ఇక్కడే, ఆ పచ్చివాసన తర్వాత ఎంత మరిగించినా వదలదు. చింతపండు పులుసు పోసి, బాగా మరిగాక రుచి చూడండి, పులుపు ఒక పిసరు ఎక్కువే అనిపించాలి. అప్పుడు ముక్కలు వెయ్యండి. ఇక గరిటె ముట్టుకోవద్దు, కలపాలంటే గుడ్డతో అంచులు పట్టుకుని గిన్నెనే తిప్పండి. పది నిమిషాలకి దించెయ్యొచ్చు. తినడం మర్నాటిదాకా ఆపుకోగలిగితే ఇంకా బావుంటుంది, మా ఇంట్లో అయితే ఆగరు.

తర్వాత నేర్చుకోవాల్సింది ఆవ పెట్టడం. పనసపొట్టు కూరైనా కందాబచ్చలైనా దీనిమీదే నిలబడతాయి. ఆవాలు కాసేపు నానబెట్టి, ఉప్పు, ఎండుమిర్చి వేసి చల్లటి నీళ్లతోనే నూరండి. గింజ నలిగి నీళ్లు తగిలాకే ఘాటు పుడుతుంది, వేడికి చచ్చిపోతుంది. అందుకే మిక్సీ ఆగి ఆగి తిప్పాలి, కూర దించి కాస్త చల్లారాకే ముద్ద కలపాలి. ముక్కుకెక్కిందంటే కుదిరినట్టే.

అన్నాన్ని తేలిగ్గా తీసుకోకండి. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం కానీ, ఇంకో రకం కానీ, కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతాయి, పాతవాటికి ఎక్కువ. బస్తా మారినప్పుడు ముందు ఒక్క గ్లాసు వండి చూసి, ఆ నీళ్ల లెక్క డబ్బా మూతమీద రాసి పెట్టుకోండి.