డాబా మీద నుంచి గద్దలను గుర్తుపట్టడం

అమ్మకు పక్షవాతం వచ్చాక నేను ఇల్లు వదిలి గంటకు మించి బయట ఉండలేదు. మా ఇల్లు పాత విశాఖలో, ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే నెత్తి మీద నాలుగైదు గద్దలు తిరుగుతూ ఉంటాయి. అలా మొదలైంది నా చూపు. సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఎవరైనా ఇలా చూడొచ్చు.

ముందు రంగు చూడకండి, తోక చూడండి. తోక చివర చేపతోకలా చీలి ఉండి, చుక్కానిలా అటూ ఇటూ తిప్పుతుంటే నల్ల గద్ద. విసనకర్రలా గుండ్రంగా ఉంటే గరుడ పక్షి. ఎదిగిన గరుడను గుర్తుపట్టడం తేలిక: ఇటుక రంగు ఒళ్లు, తెల్లటి తల, తెల్లటి రొమ్ము. అది కనబడిందని చెబితే అమ్మ మంచం మీద నుంచే దణ్ణం పెడుతుంది. చిక్కంతా గరుడ పిల్లలతోనే. వాటికి ఇంకా ఆ రంగులు రావు, గోధుమ రంగులో అచ్చం నల్ల గద్దల్లా ఉంటాయి. మొదటి చలికాలం నోటుబుక్కులో నేను నల్ల గద్దలని రాసుకున్నవాటిలో పిల్ల గరుడలు చాలానే ఉండి ఉంటాయి. ఆ పేజీలు కొట్టేశాను. ఇంకో సంగతి, నల్ల గద్ద తోకను పూర్తిగా విప్పితే చీలిక కనబడదు. మళ్లీ ముడిచేదాకా ఆగాలి.

బైనాక్యులర్స్ కొనేటట్టయితే 8×42 చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. అది పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెద్దగా కనబడుతుంది. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, కళ్లు పోతాయి.

మన తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు. అందుకని పొద్దున్నే అటు చూస్తే ప్రతి పక్షీ నల్లటి నీడే. పొద్దున సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూడండి, సాయంత్రం నాలుగయ్యాక సముద్రం వైపు తిరగండి. తొమ్మిది దాటితే నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, గద్దలు రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. కాకులు ఒక్కసారిగా గోల పెడితే వెంటనే తల ఎత్తండి.

డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు అప్పుడప్పుడు సముద్రపు గద్ద కనిపిస్తుంది. రెక్కలు చాపితే దాదాపు రెండు మీటర్లు. తల, పొట్ట తెలుపు, తోక పొట్టి. గాలిలో తేలుతున్నప్పుడు రెక్కలను పైకెత్తి పట్టుకుంటుంది, ఎంత దూరాన ఉన్నా ఆ తీరుతోనే పోల్చుకోవచ్చు. అక్టోబరు నుంచి మార్చి దాకా చేపల గద్ద వలస వస్తుంది. దాని పాత పేరు కోరమీను గద్ద. కంటి మీదుగా నల్లటి పట్టీ ఉంటుంది, కాళ్లు ముందు పెట్టి నీళ్లలో దూకుతుంది. పట్టిన చేప తల ముందుకు ఉండేలా తిప్పి పట్టుకుని ఎగురుతుంది, గాలి అడ్డు తగ్గుతుంది కదా. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. మరబోట్లు కట్టేసి ఉంటాయి, హార్బర్ మీద గద్దలు పలచబడతాయి. ఆ రోజుల్లోనూ లెక్క రాయండి, తేడా అప్పుడే తెలుస్తుంది. పిలుద్దామని కోడి పేగులు మాత్రం డాబా మీద వేయొద్దు.

సంక్రాంతి వెళ్లాక డాబాల మీద, తీగల మీద మాంజా మిగిలిపోతుంది. చేతికి అందినంత చుట్టి తీసేయండి, కరెంటు తీగల జోలికి పోవద్దు. గద్ద చిక్కుకుని కింద పడితే మందమైన తువ్వాలు కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖకు ఫోన్ చేయండి. రెక్కకు బిగిసిన దారం లాగొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. ముక్కు కంటే గోళ్లతోనే ప్రమాదం, కాళ్ల దగ్గర జాగ్రత్త.