వైజాగ్‌లో సామాను దాచుకునే గది తీసుకుంటున్నారా? ముందు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి

నేవీలో ట్రాన్స్‌ఫర్ వచ్చినవాళ్ళు, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్ ఖాళీ చేసే టైమొచ్చినా సొంతిల్లు ఇంకా పూర్తికానివాళ్ళు, ఆర్నెల్లు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వద్దామనుకునే పెద్దవాళ్ళు, సీతమ్మధారలోనో ఎంవీపీలోనో పాత ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి రెండు గదుల ఫ్లాట్‌లో సర్దుకుంటున్నవాళ్ళు... అందరూ ఏదో ఒక రోజు "ఈ సామానంతా ఎక్కడ పెట్టాలి" అనే దగ్గరికి వస్తారు. ఫోన్ తీసి వెతుకుతారు, సామాను పెట్టుకోవడానికి గదులు అద్దెకిచ్చే నాలుగైదు చోట్లకి కాల్ చేస్తారు, అడిగేవి రెండే ప్రశ్నలు: అడుగుకి ఎంత, సీసీ కెమెరా ఉందా. రెండూ అడగాల్సినవే. కానీ సముద్రం పక్కన ఉన్న ఈ ఊళ్ళో దొంగ కంటే ముందు మీ సామాను మీద పడేది చెమ్మ. బీరువాకి తుప్పు, పరుపుకి బూజు, టేకు మంచానికి చెద. వీటిని ఏ కెమెరా ఆపదు. అందుకే గది ఎంచుకోవడం అంటే ముఖ్యంగా గాలి, గోడ, నేల, పైకప్పు చూసుకోవడమే అని నేనంటాను.

దానికంటే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఉదాహరణకి నెలకి 4,000 చెప్పారనుకుందాం. దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 4,720. ఏడాదికి 56,640. దీనికి తేవడానికి, మళ్ళీ తీసుకెళ్ళడానికి బండి ఖర్చు, కలాసీల కూలి కలపండి. ఇప్పుడు మీ పాత సోఫా, పదేళ్ళ ఫ్రిజ్, పార్టికల్ బోర్డు టీవీ స్టాండ్ ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో నిజాయితీగా రాసుకోండి. అద్దె కంటే సామాను ఖరీదు తక్కువని తేలితే అమ్మేయండి, లేదా పనికొచ్చేవాళ్ళకి ఇచ్చేయండి. పార్టికల్ బోర్డు అయితే అసలు ఆలోచించక్కర్లేదు, ఈ తేమలో రెండు వానాకాలాలు మూసిన గదిలో ఉంటే అంచులు ఉబ్బిపోతాయి. తాతగారి టేకు బల్ల వేరే సంగతి, దానికి రేటు కట్టలేం. అన్నట్టు, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవాళ్ళు బిల్డర్ చెప్పిన గడువుతో లెక్క వేయకండి, ఇంకో ఏడాది కలుపుకునే వేయండి.

సరే, తీసుకోవాలనే నిర్ణయించుకున్నారు. ఏ వైపు చూడాలి?

బీచ్‌రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు తీరం వైపు, అలాగే రుషికొండలో సముద్రానికి ఎదురుగా ఉన్న చోట్లు ఇంటికి ఎంత దగ్గరైనా నేనైతే వదిలేస్తాను. ఉప్పుగాలి దెబ్బ ఒడ్డుకి దగ్గరలో ఎక్కువ, లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. బీచ్‌రోడ్డు అపార్ట్‌మెంట్లలో బాల్కనీ గ్రిల్స్ చూస్తే మీకే అర్థమవుతుంది. పోర్టుకి దగ్గరగా ఉండే వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇంకో ఇబ్బంది ఉంది, కిటికీ అంచు మీద వేలు పెట్టి రాస్తే నల్లగా అంటుకునే ఆ ధూళి. షట్టర్ కింద సందు ఉంటే చాలు, అది లోపలికి వచ్చేస్తుంది. గాజువాక ఆటోనగర్ లాంటి చోట పెద్ద షెడ్లు దొరకొచ్చు, కానీ పక్క షెడ్డులో ఏం జరుగుతోందో చూడండి. వెల్డింగ్, పెయింట్ గొడౌన్, ప్లాస్టిక్ స్క్రాప్ ఉన్నాయంటే అక్కడ నిప్పు అంటుకున్నప్పుడు మధ్యలో ఉన్న గోడ ఏ పాటి గోడ అన్నదే మీ ప్రశ్న. మధురవాడ, ఆనందపురం, పెందుర్తి వైపు సముద్రానికి కాస్త ఎడంగా ఉంటాయి కాబట్టి ఉప్పుగాలి బాధ తక్కువ, కాకపోతే కొండవాలు చూసుకోవాలి. మన ఊళ్ళో వాన పడితే కొండ మీది నీళ్ళు ఎక్కడికి దిగుతాయో అక్కడ గొడౌన్ కట్టేసినవాళ్ళు ఉన్నారు. గెడ్డ (వాగు) పక్కన అయితే ఇంక చెప్పక్కర్లేదు.

ఆ గదిలోకి నీళ్ళొస్తాయా అని ఓనర్‌ని అడిగితే "అబ్బే, ఎప్పుడూ రాలేదండీ" అంటాడు. ఎదురుగా ఉన్న టీకొట్టులో అడగండి. కిందటి వానాకాలంలో రోడ్డు మీద నీళ్ళు ఎంతదాకా నిలిచాయో చేత్తో చూపించి మరీ చెబుతారు. ఇంకోటి, లోపలి నేల రోడ్డు కంటే ఎత్తుగా ఉందా పల్లంగా ఉందా గమనించండి. రోడ్డు వేసినప్పుడల్లా పొర మీద పొర పెరుగుతూ పోతుంది, పాత బిల్డింగులు కిందకి ఉండిపోతాయి. సెల్లార్‌లో గది ఇస్తామంటే ఎంత చవకైనా వద్దు. గ్రౌండ్ ఫ్లోర్ కంటే మొదటి అంతస్తు మేలు, సామాను లిఫ్ట్ ఉండి, మీ బీరువా అందులో పట్టేట్టయితే.

పైకప్పు సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళకి రేకులు ఎలా ఎగురుతాయో చెప్పాల్సిన పని లేదు, మన ఎయిర్‌పోర్టు కప్పే నిలవలేదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ ఏటా తుఫాను నెలలే, మే నెలలో కూడా రావచ్చు. కాబట్టి స్లాబ్ ఉన్న బిల్డింగ్‌కి మొదటి ఓటు. రేకుల షెడ్డే దొరికితే రేకులకి లోపల వేడిని ఆపే హీట్ షీట్ ఉందా, బోల్టుల దగ్గర తడి మరకలు ఉన్నాయా, ఇనుప దూలాలకి తుప్పు పొరలుగా లేస్తోందా, తల పైకెత్తి చూడండి. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు గుర్తుందా? కెమెరాలు, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ అన్నీ కరెంటు మీదే ఆధారపడితే జనరేటర్ ఉందో లేదో, ఉంటే అది దేనిదేనికి ఇచ్చారో కనుక్కోండి. చాలాచోట్ల అది ఆఫీసు లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే.

ఇప్పుడు గది లోపలికి వెళ్ళండి. ఫొటోలు చూసి బుక్ చేయకండి, శాంపిల్ యూనిట్ చూసి కూడా చేయకండి, మీకు ఇవ్వబోయే యూనిట్ నంబరే తెరిపించండి. షట్టర్ ఎత్తగానే వచ్చే మొదటి వాసనే అసలు రిపోర్టు. ముక్కిపోయిన వాసన వస్తే అక్కడితో అయిపోయింది. రూమ్ ఫ్రెష్‌నర్ గుప్పుమన్నా అనుమానించండి. గోడ కింది భాగం మీద అరచెయ్యి ఆనించండి, చల్లగా జిగటగా అనిపించినా, సున్నం పొట్టులా రాలినా, అడుగు ఎత్తు వరకు కొత్త పెయింట్ వేసి పైన పాతది ఉంచేసినా గోడ నీళ్ళు పీలుస్తోందని అర్థం. మూలల్లో మట్టి గీతలు చెదవి. చిన్న నల్ల గింజల్లాంటివి ఎలుకలవి. షట్టర్ మూయించి, లైట్ ఆర్పేసి, లోపలే ఒక నిమిషం నిలబడండి, ఎక్కడ వెలుగు కనబడితే అక్కడ నుంచి నీళ్ళూ ధూళీ ఎలుకలూ వస్తాయి. ఇది మేనేజర్‌కి విచిత్రంగా అనిపిస్తుంది, అనిపించనీయండి.

వీలైతే జూన్ నుంచి సెప్టెంబర్ లోపు, వాన పడిన మర్నాడు వెళ్ళి చూడండి. జనవరిలో ఏ గదైనా బాగానే ఉంటుంది. ఆషాఢంలో మనవాళ్ళు ఇల్లు మారరు కదా, వెతకడానికి అదే సరైన నెల, ప్యాకర్స్ వాళ్ళతో బేరం ఆడటానికి కూడా. ఒక్క విషయం, సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున మాత్రం బండి పెట్టుకోకండి, హనుమంతవాక, ఎన్‌ఏడీ వైపు రోడ్ల మీద జనమే జనం.

"క్లైమేట్ కంట్రోల్డ్" అని చెప్పి రేటు పెంచేవాళ్ళని ఏది కంట్రోల్ చేస్తున్నారో, వేడినా తేమనా, అడగండి. ఏసీ ఉందంటే రాత్రి కూడా నడుస్తుందా? పగలు చల్లబరిచి రాత్రి ఆపేస్తే, లోపలికి వచ్చే తడిగాలి చల్లటి ఇనుము మీద నీటి బొట్లుగా పేరుకుంటుంది, దానికంటే ఏసీ లేకుండా గాలి ఆడే గదే నయం. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది. ఒకటి కొని, అడిగి, ఒక రాత్రి యూనిట్‌లో పెట్టి రండి. 60 శాతం లోపు చూపిస్తే వాళ్ళు చెప్పింది నిజం. 70 దాటి రోజుల తరబడి ఉంటే బూజు ఖాయం, ఆ గదిలో బట్టలు, పరుపులు, పుస్తకాలు పెట్టకూడదు. మీటర్ పెట్టడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

సైజు దగ్గర చాలామంది అవసరానికి మించి తీసుకుంటారు. గదుల లెక్కన ఆలోచించకండి, బండి లెక్కన ఆలోచించండి. టాటా ఏస్ వెనక భాగం దాదాపు 7 అడుగుల పొడవు, 5 అడుగులకి కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది, అంటే ఒక ఏస్ నిండా సామానుకి నేల మీద 35 చదరపు అడుగులు. మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు రెండు, మూడు ఏస్‌లు అవుతుంది, మధ్యలో నడవడానికి దారి వదిలినా, కాస్త ఎత్తుగా పేర్చుకుంటే 100 చదరపు అడుగులు, అంటే 10 బై 10 గది చాలు. గోడ ఎత్తు కూడా కొలవండి, 7 అడుగుల గదికీ 9 అడుగుల గదికీ చదరపు అడుగు రేటు ఒకటే అయినా పట్టే సామానులో చాలా తేడా ఉంటుంది. మీ బీరువా ఎత్తు, తలుపు ఎత్తు, మెట్ల మలుపు, ఈ మూడూ టేపు పెట్టి చూసుకోకపోతే షిఫ్టింగ్ రోజున కలాసీలు మెట్ల మధ్యలో దించేసి మీ వైపు చూస్తారు.

ఇంకో తేడా కూడా ముందే తెలుసుకోవాలి. కొన్ని చోట్ల గది మీది, తాళం మీది, ఎప్పుడైనా వెళ్ళి తెరుచుకోవచ్చు. కొన్ని చోట్ల వాళ్ళే ఇంటికొచ్చి సామాను ప్యాక్ చేసి తీసుకెళ్ళి పెద్ద గొడౌన్‌లో ర్యాకుల మీద పెడతారు, మీకు ఒక వస్తువు కావాలంటే ముందు రోజు చెప్పాలి, తీసినందుకు విడిగా చార్జీ. రెండేళ్ళు ముట్టుకోని ఫర్నిచర్‌కి రెండోది సరిపోతుంది. చీరల వ్యాపారం ఇంట్లో నడుపుతూ స్టాక్ పెట్టుకునేవాళ్ళకి మాత్రం మొదటిదే కావాలి. సొంత తాళం వేసుకునే చోట ఇనుప తాళం వద్దు, ఇత్తడిది కొనండి, ఆర్నెల్లకి తాళంచెవి తిరగాలి కదా.

అగ్రిమెంట్ చదవండి, పూర్తిగా. మొదటి మూడు నెలలు ఆఫర్ రేటు ఇచ్చి నాలుగో నెల నుంచి ఎంత అవుతుందో అందులో ఉండాలి. అద్దె ఆలస్యమైతే వాళ్ళు మీ గదికి తమ తాళం ఎప్పుడు వేస్తారు, సామాను అమ్ముకునే హక్కు రాసుకున్నారా, అమ్మే ముందు ఎన్ని రోజుల నోటీస్ ఇస్తారు? విదేశంలో ఉండి కార్డు గడువు అయిపోయి ఆటో పేమెంట్ ఆగిపోవడం అనేది ఎవరికైనా జరుగుతుంది. నష్టం జరిగితే వాళ్ళ బాధ్యత ఎంతవరకో ఒక చిన్న లైన్ ఉంటుంది, ఒక్కోసారి అది ఒక నెల అద్దెకి మించదు. ఇన్సూరెన్స్ ఉందంటే అది బిల్డింగ్‌కా, మీ సామానుకా, వరద, తుఫాను అందులో ఉన్నాయా, పాలసీ కాపీ చూపించమనండి. జీఎస్టీ వసూలు చేస్తున్నారంటే బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి. ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్, అంటే మొదటి ఎనిమిది అంకెలు కనబడనిది, ఇవ్వండి. మీరు లేనప్పుడు గది తెరవగలిగే మనిషి పేరు, తమ్ముడో బావమరిదో, మొదటి రోజే రాయించండి.

లోపల పెట్టడం గురించి ఎక్కువ చెప్పను. గోడకి జానెడు ఎడం, నేలకి చెక్క ప్యాలెట్లు, వాటికి చెదమందు రాయించండి. అట్టపెట్టెలు చెమ్మ లాగేస్తాయి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు మేలు. ఫ్రిజ్ తలుపు కాస్త తెరిచి ఉంచాలి, వాషింగ్ మెషీన్ పైపుల్లో నీళ్ళు వంచేయాలి. పరుపుని ప్లాస్టిక్‌లో బిగించేస్తే లోపలే చెమర్చి పాడవుతుంది, పాత దుప్పటి చుట్టండి. ఏటికొప్పాక బొమ్మలకి లక్క పూత కదా, రేకుల కింద వేడికి ప్లాస్టిక్ కవర్ దానికి అంటుకుపోతుంది, నూలుగుడ్డలో చుట్టండి. పట్టుచీరలు, బంగారం, ఇంటి దస్తావేజులు అక్కడ పెట్టొద్దు, చీరలు పిన్నిగారింటికి, మిగతావి లాకర్‌కి. గ్యాస్ సిలిండర్, పెట్రోలు, టపాకాయలు వాళ్ళూ ఒప్పుకోరు. బియ్యం, పప్పులు, సగం వాడిన ఆవకాయ జాడీ, వద్దంటే వద్దు.

షట్టర్ దించే ముందు ప్రతి వస్తువుకీ ఫొటో తీసి, మొత్తం గదికి వీడియో తీసి, మేనేజర్‌కి మెయిల్ చేయండి. తేమ మీటర్ లోపలే వదిలేయండి, గరిష్ఠం ఎంతదాకా వెళ్ళిందో గుర్తుపెట్టుకునే రకం అయితే ఇంకా మంచిది. రెండు మూడు వారాల తర్వాత, వీలైతే ఒక మంచి వాన పడ్డాక, వెళ్ళి తెరవండి. మీటర్ చూసి, బీరువా వెనక టార్చ్ వేసి, పరుపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ఫొటో తీసి అక్కడే నిలబడి వేరే యూనిట్ అడగండి. ఇవ్వనంటే అగ్రిమెంట్‌లో ఉన్న నోటీస్ ఆ రోజే ఇచ్చేయండి, వాట్సాప్‌లో ఒక్కదాంట్లోనే కాదు, మెయిల్‌లో కూడా.