చేపల తొట్టి మీద గాజు నేల: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఇంటి నేలలో చేపల తొట్టి కట్టి, దాని మీద నడిచేలా గాజు వేయడమంటే గిన్నె మీద మూత పెట్టడమే. కింద నీళ్లు, పైన గాజు, మధ్యలో కదలని గాలి. గ్లాస్ మేస్త్రీ గాజు సంగతి చూస్తాడు, చేపలమ్మేవాళ్లు చేపల సంగతి చెప్తారు. ఈ మధ్యలో గాలి గురించి ఎవరూ మాట్లాడరు. ఇబ్బందుల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయి.

గాజు కింద చెమట పట్టి చేపలు కనబడటం లేదు

చలికాలం పొద్దున, వాన వెలిసిన రాత్రి ఇది ఎక్కువ. నీళ్లు వెచ్చగానే ఉంటాయి, పైన గాజు మాత్రం రాత్రికి చల్లబడిపోతుంది. లేచిన ఆవిరి దానికి తగిలి చుక్కలవుతుంది. పైనుంచి ఎంత తుడిచినా లాభం లేదు.

ఎదురెదురుగా రెండు వైపులా, గాజు పొడవునా రెండు మూడు అంగుళాల సందు వదలాలి. దోమలు, బల్లులు దూరకుండా స్టీల్ జాలీ బిగించాలి. ఒకవైపు సందు కాస్త ఎత్తులో ఉంటే గాలి బాగా ఆడుతుంది. ఇప్పటికే అంతా మూసేసి ఉంటే ఒక మూల 12 వోల్టుల చిన్న ఫ్యాను పెట్టి గాలి బయటికి లాగించవచ్చు. నీళ్ల దగ్గర 230 వోల్టుల ఫ్యాను వద్దు. నీటి మట్టానికీ గాజుకూ మధ్య కనీసం అడుగు దూరం ఉంటే మంచిది.

ఒక పలక మాత్రం పైకి లేచేలా ఉండాలి, దాన్ని సిలికాన్‌తో అతికించేయకూడదు. దాన్ని చిన్నదిగా చేయించండి. 10 మిల్లీమీటర్ల గాజు మూడు పొరలుంటే చదరపు మీటరుకు 75 కిలోలు. రెండడుగుల చదరపు పలకే 28 కిలోలు తూగుతుంది. ఇద్దరు మనుషులు, సక్షన్ కప్పులు లేకుండా ఎత్తొద్దు.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

చేపలకు రోగం వచ్చిందని చాలామంది వెంటనే మందు పోస్తారు. ముందు ఆక్సిజన్ సంగతి చూడండి. రాత్రంతా చేపలు, నాచు, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి, తయారుచేసేది ఏదీ ఉండదు. అందుకే తెల్లవారే ముందు అది బాగా పడిపోతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది ఇందుకే. ఎండాకాలం మరీ కష్టం: 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర దగ్గరే ఆగిపోతాయి. గాజు కింద చిక్కిన ఎండ నీళ్లను ఇంకా వేడెక్కిస్తుంది. కోయి చేపలకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు.

వెంటనే చేయాల్సింది: పలక ఎత్తి, పైపుతో నీళ్లు పైనుంచి పడేలా తిప్పండి, ఆ పూటకు మేత ఆపండి. తర్వాత ఎయిర్ పంపు పెట్టి రాత్రంతా నడపాలి. దాన్ని ఇన్వర్టర్ లైన్‌కే కలపండి, కరెంటు పోయిన రాత్రే చేపలు పోతాయి. గాలి పెట్టినా నోళ్లు తెరుస్తుంటే అమ్మోనియా టెస్ట్ కిట్‌తో చూసి, పావు వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే చుక్కలు కలిపాకే పోయాలి.

నీళ్లు పచ్చబడ్డాయి

ఎండ ఎక్కువ, మేత ఎక్కువ. మధ్యాహ్నం గాజు మీద షేడ్ నెట్ పరచండి, మేత తగ్గించండి, ఫిల్టర్ లైన్‌లో యూవీ లైటు బిగించండి. తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగేస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది.

నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది

పంపు నుంచి నీళ్లలోకి కరెంటు లీకవుతోంది. చెయ్యి తీసేసి, మెయిన్ ఆపేసి, పంపు మార్చండి. ఆ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్), స్టీల్ ఫ్రేముకు ఎర్తింగ్ లేకపోతే ఆ నేల మీద పిల్లల్ని నడవనివ్వకండి.

గాజు పగిలింది

పగులు చూస్తే కారణం తెలుస్తుంది. మూల నుంచి మొదలైతే గాజు ఇనుముకు నేరుగా తగులుతోందని అనుమానించాలి. ఎవరూ తాకకుండానే ఒక పొర పొడిపొడి అయి, నడుమ సీతాకోకచిలుక ఆకారంలో రెండు పెద్ద ముక్కలు కనిపిస్తే, అది టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు తయారీలో ఉండిపోయిన నికెల్ సల్ఫైడ్ రేణువు పని. హీట్ సోక్ టెస్ట్ (అలాంటి గాజు ఫ్యాక్టరీలోనే పగిలిపోయేలా వేడిలో ఉంచి చూడటం) చేసిన గాజు అడిగితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఒక్క పొర పగిలినా నడక ఆపేసి పలక మార్చాల్సిందే. ఒంటి పొర టఫెన్డ్ గాజు ఎంత మందమున్నా నేలకు పనికిరాదు, పగిలితే మనిషి నేరుగా నీళ్లలో పడతాడు. లామినేటెడ్ (పొరల మధ్య ప్లాస్టిక్ షీటు పెట్టి అతికించిన) మూడు పొరలు కావాలి. మందం ఇంజనీరు లెక్కకట్టాలి: ఐఎస్ 875 (భవనాలు మోయాల్సిన బరువుల గురించిన భారత ప్రమాణం) ప్రకారం ఇంటి గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే 200 కిలోలు. గృహప్రవేశం రోజు ఫొటోలకు జనమంతా అక్కడే నిలబడతారు కాబట్టి, జనం గుమిగూడే చోట్లకు పెట్టిన 5 కిలోన్యూటన్ల లెక్క అడగడమే నయం. టఫెన్డ్ గాజును తర్వాత కోయలేం, ఫ్రేము బిగించాకే కొలతలివ్వండి.

అడుగేస్తే టక్ మంటోంది, అంచులు పాలలా తెల్లబడుతున్నాయి

శబ్దమొస్తే ఫ్రేము వంకరగా ఉంది, లేదా కింద రబ్బరు అరిగింది. అట్టముక్క దూర్చి సరిపెట్టకుండా ఫ్రేము లెవెల్ చేసి, నాలుగు వైపులా ఈపీడీఎం రబ్బరు పట్టీ వేయించండి. అంచు తెల్లబడితే పొరల మధ్యకు తడి చేరింది, ఆ పలక మళ్లీ బాగుపడదు. కొత్తది వేసేముందు ఫ్రేములో నీరు నిలవకుండా రంధ్రాలు పెట్టించండి. పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ కాకుండా న్యూట్రల్ రకం వాడాలి. బాత్రూముల్లో వాడే ఫంగస్ మందు కలిపిన సిలికాన్ మాత్రం చేపల దగ్గరికి రానివ్వొద్దు.

గాజు పైన పడే తెల్ల మరకలు మాత్రం బోరు నీళ్ల ఉప్పువే. గుడ్డకు వెనిగర్ అద్ది తుడిస్తే పోతాయి, చుక్క కూడా తొట్టిలో పడకుండా చూసుకోండి. తడిలో కాలు జారుతుంటే యాంటీ స్లిప్ ఫిల్మ్ అంటించడం తాత్కాలికం. గాజు ఆర్డరిచ్చేటప్పుడే పైపొర మీద సిరామిక్ చుక్కల ప్రింటు అడిగితే జారుడూ తగ్గుతుంది, కిందికి దిగే ఎండా కొంత తగ్గుతుంది.